చెక్కబూటు చరిత్ర

అక్టోబరు 19, 1925

ఆరేళ్ల తరవాత మళ్లీ నోటుబుక్కు కొన్నాను. మంచి రోజుల్లో నేను డైరీ రాయను. రాయడానికేముంటుంది, బంగాళాదుంప ఉండలు మెత్తగా కుదిరాయనా? నాన్న పోయిన ఏడు రాశాను. మళ్లీ ఇప్పుడు.

నాకు గది అద్దెకిచ్చిన ఇంటావిడ ఫ్రౌ లోబెక్ నా చక్కెర తింటోంది. డబ్బా మీద పెన్సిలుతో గీత పెట్టాను. ఈ నోటుబుక్కు పరుపు కింద పెట్టను, అక్కడ చూడందే ఆవిడకి ముద్ద దిగదు. డ్రాయింగులు చుట్టి పెట్టే రేకు గొట్టంలో దాస్తాను.

ఫ్యాక్టరీలోనూ ఏదో జరుగుతోంది. శనివారం వెళ్లేసరికి నా సిరాబుడ్డి కుడివైపుంది. పదహారేళ్లుగా అది ఎడమవైపే ఉంటుంది. ఊడ్చే మనిషి అంటారు. ఊడ్చే మనిషికి సిరాతో ఏం పని? పైగా ఇంజనీరు ష్ట్రెబెల్ కూడా లేడు, అపెండిక్సు ఆపరేషనుకి రెండు వారాలుగా ఎర్‌ఫుర్ట్ ఆస్పత్రిలో ఉన్నాడు. పెద్దకళ్లు లేనప్పుడే చిన్నచేతులు ఆడతాయి.

అతను లేకపోతే నాకేం లోటు లేదు. గది మాత్రం కాస్త చల్లగా ఉంటోంది, అంతే.

అక్టోబరు 22

కెస్లింగ్ గారు ఇవాళ కూడా తన గదికి పిలిచారు. వచ్చే సెప్టెంబరుకి ఆయన కంపెనీ పెట్టి పాతికేళ్లు. చరిత్ర పుస్తకం వెయ్యాలి. ఆయన చెబుతారు, నేను రాసుకుని టైపు చేస్తాను. డ్రాయింగులకి సిరా దిద్దుకునే ఆడమనిషికి ఈ పనెందుకంటే, గుమాస్తాల నోళ్లు ఆయన నమ్మరు. నన్ను నమ్ముతారు.

కాఫీ గింజల మరల నుంచి మొదలుపెట్టి, సైకిళ్ల మీదుగా ఇవాళ 1912కి వచ్చారు, అంటే మా చెక్కబూటు కారుకి. కంపెనీ పెట్టిన పేరు ‘కెస్లింగ్ నాలుగో నమూనా’. ఆ పేరు మా ఊళ్లో కుక్కకి కూడా తెలియదు. రైతులు వేసుకునే చెక్కబూటులా ముక్కు పైకి లేచి ఉంటుంది కాబట్టి జనం ఆ పేరే ఖాయం చేశారు. ఒకటే సిలిండరు, రెండు సీట్లు, ఒకదాని వెనక ఒకటి. ముందు మొగుడు, వెనక పెళ్లాం. “దారంతా పోట్లాడుకోవచ్చు, మొహాలు మాత్రం చూసుకోనక్కర్లేదు, ఇంతకన్నా సుఖమైన బండి ఎవడు చేస్తాడు” అంటాడు వర్క్‌షాపు మేస్త్రి యెకెల్.

పోయిన వారం, వరదలో ఒక చెక్కబూటు తేలుతూ పోవడం చూస్తే ఆ ఆకారం తట్టిందన్నారు కెస్లింగ్ గారు. ఇవాళ, భార్యగారి బూటు మంచులో దిగబడితే తట్టిందట. పెద్దవయసులో జ్ఞాపకాలు కలిసిపోతాయి. మొదటి కొయ్య నమూనాని “నా చేతులతో నేనే చెక్కాను” అని రాయించారు. చెక్కింది ఆయన దగ్గర పనిచేసిన నాన్న. మా వంటింటి బల్ల మీద చెక్కాడు, పొట్టు సూపులో పడిందని అమ్మ నెల రోజులు దెప్పింది. అయినా రాశాను. పుస్తకంలో అందరి పేర్లూ పడతాయా? నాన్నకి పేరు మీద మోజు ఎప్పుడుంది గనక.

చివర్లో ఇంకో పని చెప్పారు. షాపులో ఇప్పుడు తయారవుతున్న కొత్త చెక్కబూటు వెనక భాగం డ్రాయింగులు ఇంకో సెట్టు కావాలట, పుస్తకంలో వెయ్యడానికి.

“షాపులో ఉన్న సెట్టు తెచ్చి దిద్దుతాను” అన్నాను.

“వద్దు వద్దు, వాళ్ల పని ఆగిపోతుంది. ఆకారం మీకు కంఠతా వచ్చు కదా ఫ్రౌలైన్ వైడ్‌నర్. కొలతలు నా జేబు పుస్తకంలో ఉన్నాయి. నేను చదువుతాను, మీరు వెయ్యండి. ఎవరితోనూ అనకండి. పుస్తకం చూసి అందరూ నోరు వెళ్లబెట్టాలి.”

పాపం, చిన్నపిల్లాడి సరదా.

అక్టోబరు 27

మూడు రోజులు పట్టింది, పద్నాలుగు డ్రాయింగులు. కెస్లింగ్ గారు రైలు తప్పిపోతున్నట్టు చదివారు. తల పగిలిపోయింది, కానీ నేను ఎక్కడా తడబడలేదు. ఇప్పుడు నిద్రలో లేపి అడిగినా చెబుతాను: స్ప్రింగు పట్టీలు ఏడు, వెడల్పు నలభై అయిదు, రంధ్రాలు పన్నెండు.

అంకె పలికేటప్పుడు మా జర్మన్‌లో ఒకట్లు ముందు, పదులు తరవాత. నాలుగూ యాభై అంటాం, 54 వేస్తాం. నాన్న నన్ను బల్ల ముందు కూర్చోబెట్టి మొదటిరోజే చెప్పాడు: “చెవికి నాలుగు ముందొస్తుంది తెక్లా, చేతికి అయిదు ముందు రావాలి.” షాపుల్లో సగం తప్పులు అక్కడే దొర్లుతాయి. నా దగ్గర ఒక్కసారీ దొర్లలేదు.

నవంబరు 9

ష్ట్రెబెల్ వచ్చాడు. చిక్కిపోయాడు. తన తోటలో కాసిన బేరిపళ్లు అందరికీ తలా ఒకటి పంచాడు. నాకు రెండు పెట్టాడు. చూసుకుని ఉండడు.

నవంబరు 10

ఇంజనీరు చూసుకోకుండా పెడతాడా?

మే 31, 1926

మళ్లీ ఈ నోటుబుక్కు తీయాల్సి వచ్చింది.

మోటారు వారపత్రికలో ట్రోగర్ కంపెనీ వాళ్ల కొత్త చిన్న కారు ఫోటో పడింది. వెనక భాగం మన చెక్కబూటుని అచ్చు గుద్దినట్టుంది. ఇరుసూ అదే, స్ప్రింగుల అమరికా అదే. కంపెనీలో సగం వాటా ఉన్న కెస్లింగ్ గారి బావమరిది పొద్దున్నే కారేసుకుని వచ్చి, గది తలుపులు అదిరేలా అరిచాడు. పది రోజుల్లో దొంగ ఎవడో తేల్చకపోతే తానే పోలీసుల్ని తెస్తానన్నాడు.

మధ్యాహ్నం కెస్లింగ్ గారు మమ్మల్నందరినీ నిలబెట్టారు. “తిన్నింటి వాసాలు లెక్కపెట్టేవాడు ఒకడు మీలో ఉన్నాడు” అన్నారు. ఆయన గొంతు వణికింది. నాకు కళ్లనీళ్లు వచ్చాయి.

ఎవరై ఉంటారు? యెకెల్ శనివారం తాగితే వాడి నోటికి తాళం ఉండదు. సిరాబుడ్డి జరిపిన ఊడ్చే మనిషి ఉంది. కొత్త గుమాస్తాకి కొత్త టోపీ ఎక్కణ్ణుంచి వచ్చింది? అందరినీ ఒక కంట కనిపెట్టాలి.

ష్ట్రెబెల్ కాదు. ఆ స్ప్రింగులు అతని బుర్రలో పుట్టినవి. కన్నబిడ్డని ఎవరు అమ్ముకుంటారు?

జూన్ 4

ష్ట్రెబెల్ కాదు.

జూన్ 8

అక్షరాలు బాగా రావడం లేదు.

టెలిఫోను గది తలుపు సరిగ్గా పడదు, అది అందరికీ తెలిసిందే. కలాలు కడుక్కోవడానికి నడవాలోంచి వెళ్తున్నాను. నేను కావాలని ఆగలేదు. కలం జారింది, వంగాను. లోపల ష్ట్రెబెల్ గొంతు.

“నువ్వు చెప్పేది నిజమేనా? నీ కళ్లతో నువ్వే చూశావా?... ఇక్కడికి మాత్రం రాకు. ఆదివారం తోట దగ్గరికి రా... పోరా, నీ వేళాకోళం నువ్వూ.” నవ్వాడు కూడా.

నువ్వు అన్నాడు. ఎనిమిదేళ్లు ఒకే గదిలో, ఒకే కిటికీ వెలుతురులో పనిచేశాం. ఇవాళ్టికీ అతనికి నేను మీరు, నాకతను మీరు. పెద్దవాళ్లలో అతన్ని నువ్వు అనే మనిషి ఈ ఊళ్లో లేడు. పోయిన క్రిస్మస్ విందులో పక్కన కూర్చుని, గ్లాసు ఎత్తి ఏదో అనబోయాడు. ఇక ‘నువ్వు’ అనుకుందామా అని అడుగుతాడేమో అనుకున్నాను. “మీకు ఆవముద్ద కావాలా?” అన్నాడు.

ముందు ఆడమనిషేమో అనుకున్నాను. ‘పోరా’ అన్న మాట చెవిలో పడ్డాక కూడా అదే అనుకున్నాను, చెవి మోసం చేస్తుంది కదా. కింద లైన్లు కలిపే అమ్మాయిని మాటల్లో పెట్టి అడిగాను. “ట్రోగర్ కంపెనీ అండీ, నమూనాల విభాగం. మాట్లాడింది ఎవరో మగాయన” అంది.

ఆడమనిషి కాదు. మొదట గుండె తేలికపడింది. తరవాత అసలు విషయం తలకెక్కింది.

జూన్ 9

చెప్పేశాను. కంపెనీ కోసమే చెప్పాను.

“నువ్వు అన్నాడా? మీ చెవులతో విన్నారా?” అన్నారు కెస్లింగ్ గారు, కుర్చీలోంచి సగం లేచి.

“రెండు మూడుసార్లు అన్నారు.”

“ఇంకేం విన్నారు? ఎవరి పేరైనా వచ్చిందా?”

“పేర్లేమీ రాలేదు. ఆదివారం కలుస్తారట.”

“ఆదివారం.” ఆయన కళ్లు మూసుకున్నారు. తరవాత మొహం తేటపడింది. ఎన్ని రోజులుగా కుమిలిపోతున్నారో పాపం. నా చెయ్యి పట్టుకుని, “మీ నాన్న ఉంటే ఛాతీ ఉబ్బేది” అన్నారు.

అంతకు గంట ముందే ష్ట్రెబెల్ ఆయన గదిలోంచి వస్తూ ఎదురయ్యాడు. నాకు తలవంచి నమస్కారం పెట్టాడు. దొంగలకే మర్యాద ఎక్కువ.

జూన్ 11

ష్ట్రెబెల్‌ని తీసేశారు. పోలీసులు లేరు, గొడవ లేదు. బావమరిదికి పేరు దొరికింది, చల్లబడ్డాడు.

పని సర్టిఫికెట్టు నాచేతే టైపు చేయించారు. “హెర్ ఆర్నో ష్ట్రెబెల్ 1918 నుంచి 1926 వరకు మా సంస్థలో ఇంజనీరుగా పనిచేశారు. ఆయన శ్రద్ధ గలవారు, వేళకు వచ్చేవారు, చక్కని పనిమంతులు.” ఇక్కడ నేను ఆగాను. తరవాత వచ్చే మాట దేశంలో అందరికీ తెలుసు: ‘నిజాయితీగా’ పనిచేశారు. ఊడ్చే మనిషికైనా, డైరెక్టరుకైనా ఆ మాట ఉంటుంది.

“తరవాత?” అన్నాను.

“తరవాత చుక్క” అన్నారు కెస్లింగ్ గారు.

చెడ్డగా రాస్తే కోర్టుకి ఈడుస్తారు. రాయకుండా వదిలేస్తే ఎవరూ ఏమీ చెయ్యలేరు. ఆ ఒక్క మాట లేని కాగితం పట్టుకుని వెళ్తే హాంబుర్గ్ నుంచి మ్యూనిక్ దాకా ఏ ఫ్యాక్టరీలోనూ గేటు దాటనివ్వరు.

ష్ట్రెబెల్ నా బల్ల దగ్గరే నిలబడి చదువుకున్నాడు. “ఒక మాట మర్చిపోయారు ఫ్రౌలైన్.”

“మర్చిపోలేదు.”

అతను నా మొహంలోకి చూశాడు. ఎనిమిదేళ్లలో అంతసేపు ఎప్పుడూ చూడలేదు. “సరే అయితే” అని కాగితం నాలుగు మడతలు పెట్టాడు.

చరిత్ర పుస్తకంలో అతని పేరు మూడు చోట్ల ఉంది. కొట్టెయ్యమన్నారు. కొట్టేశాను.

జూన్ 12

చక్కెర గీత దగ్గరే ఉంది. మనసు మాత్రం బాగాలేదు. ఇన్ఫ్లుయెంజా వస్తోందేమో.

జులై 6

ఫ్రౌ లోబెక్ కూరగాయలు తరుగుతూ తనంతట తనే ఎత్తింది. “ఆ ఇంజనీరు ఉద్యోగం కోసం గోతా ఊరికి వెళ్లాడట, సూల్‌కి వెళ్లాడట. కాగితం చూస్తారు, ఓ నవ్వు నవ్వుతారు, వెనక్కిస్తారు. ఎనిమిదేళ్లు చేసిన మనిషి! ఏం దొబ్బేశాడట?”

“నాకెలా తెలుస్తుంది?”

“మీరే టైపు కొట్టారట కదా.”

“కొడితే?”

“అబ్బే, ఊరికే అన్నా తల్లీ. ఇప్పుడు పేటకి అవతల ఆ తోటలోనే ఉంటున్నాడు, అద్దె గది వదిలేశాడు. గుడిసెలో పొయ్యి కూడా లేదు. చలికాలం వస్తే ఏం చేస్తాడో.”

నాకెందుకు చెబుతోంది? ఎవరో చెప్పి చెప్పిస్తున్నారు.

జులై 21

ఇవాళ మధ్యాహ్నం జున్ను వ్యాపారి ఒకడు ట్రోగర్ కారుని రెండెద్దులతో లాగించుకుని మా గేటు ముందుకొచ్చాడు. మార్కెట్లోకి వచ్చి రెండు వారాలు కాలేదు, వెనక స్ప్రింగు విరిగింది. ఊళ్లో కార్లు తెలిసినవాళ్లం మేమే కాబట్టి మా దగ్గరికే తెచ్చాడు. యెకెల్‌కి పండగ.

“రండర్రా, దొంగసొత్తు ఇంటికొచ్చింది!” అని కేకేసి కిందికి దూరాడు. ఫలహారం వేళ కావడంతో అందరం చుట్టూ మూగాం. వాడు లోపల్నుంచి కొలతలు అరుస్తున్నాడు. “ఇరుసు మనదే. రంధ్రాలు పన్నెండు, మనవే. వెంట్రుకవాసి తేడా లేదు, ఎంత శ్రద్ధగా కొట్టేశార్రా! పట్టీలు ఏడు, మనవే. వెడల్పు...” అని ఆగిపోయాడు. తరవాత పగలబడి నవ్వాడు.

“ఏమైంది?”

“వెడల్పు నలభై అయిదు! మనది యాభై నాలుగు. ఎవడో ‘నాలుగూ యాభై’ అంటే చెవిన పడ్డట్టే నాలుగు ముందు వేశాడు. అందుకే విరిగింది, సన్నబడితే విరక్క ఏం చేస్తుంది? ఆ గీసిన వెధవకి బళ్లో బెత్తం దెబ్బలు చాల్లేదు.”

షాపు గోడకి తగిలించిన సెట్టు దగ్గరికి వెళ్లి చూశాను. నా చేతి గీతే. 54.

ఇంటికి రాగానే ఈ నోటుబుక్కు వెనక్కి తిప్పాను. అక్టోబరు 27 పేజీ ఇప్పుడు ఎదురుగా తెరిచి ఉంది.

జులై 22

కెస్లింగ్ గారే తప్పుగా చదివి ఉంటారు.

జులై 23

లేదు. ‘నాలుగూ యాభై’ అన్న ఆయన గొంతు నాకు వినిపిస్తోంది. తప్పు చేసింది నా చెయ్యే.

ఆ సెట్టు నేను కెస్లింగ్ గారి చేతికే ఇచ్చాను. అప్పుడు ష్ట్రెబెల్ కడుపు కోయించుకుని ఆస్పత్రిలో ఉన్నాడు. అలాంటి సెట్టు ఒకటుందని కూడా అతనికి తెలియదు. ఆయన బీరువాలోంచి ఎవరో తీసుంటారు. బీరువా తాళంచెవి ఆయన మెళ్లో ఉంటుంది. స్నానానికి తీసేటప్పుడు ఎవరైనా... ఏమిటి రాస్తున్నాను నేను?

జులై 29

“పుస్తకం కోసం వేసిన డ్రాయింగులు ఒకసారి సరిచూసుకోవాలి” అన్నాను.

“అవి ఎప్పుడో ప్రెస్సుకి వెళ్లాయి కదా” అన్నారు కెస్లింగ్ గారు, తల ఎత్తకుండా.

ఆగస్టు 2

ప్రెస్సుకి వెళ్లాను. “డ్రాయింగులా? మాకు ఫోటోలు తప్ప ఏమీ రాలేదండీ” అన్నాడు ప్రెస్సాయన. “పుస్తకానికి ఇరుసు కొలతలెందుకు ఫ్రౌలైన్, చదివేవాళ్లు ఇంట్లో కారు చేసుకుంటారా?”

పోయిన అక్టోబరులో నాకు ఆ ప్రశ్న ఎందుకు రాలేదు? చక్కెర డబ్బాకి గీతలు పెట్టిన దాన్ని. సిరాబుడ్డి నాలుగంగుళాలు జరిగితే లోకాన్నంతా అనుమానించిన దాన్ని.

ఆగస్టు 15, ఆదివారం

తోటకి వెళ్లాను. ష్ట్రెబెల్ బంగాళాదుంపలు తవ్వుతున్నాడు. నన్ను చూసి పార ఆపలేదు.

“టెలిఫోను సంగతి హెర్ కెస్లింగ్‌కి చెప్పింది నేనే” అన్నాను. దారి పొడుగునా ఇంకా మెత్తని మాటలు కూర్చుకున్నాను. ఒక్కటీ రాలేదు.

“తెలుసు. మీకు కాఫీ ఇవ్వాలని లేదు, ఏమీ అనుకోకండి.”

“ఆయన్ని నువ్వు అన్నారు, అందుకని...”

“బోడోనా?” అతను పార మట్టిలో గుచ్చాడు. “ఫ్రాన్సులో పధ్నాలుగు నెలలు ఒకే కందకంలో ఉన్నాం. వాణ్ణి భుజాన వేసుకుని మోశాను. వాడు నా మీద రెండుసార్లు వాంతి చేసుకున్నాడు. అక్కడ మీరు, తమరు అనుకునేవాళ్లెవరూ లేరు ఫ్రౌలైన్. యుద్ధానికి వెళ్లిన ప్రతివాడికీ నువ్వు అనే మనిషి ఒకడుంటాడు, లేకపోతే వాడు తిరిగి రాలేదని అర్థం. ఇది మీకు తెలియదా?”

తెలుసు. నాకే కాదు, ఫ్రౌ లోబెక్‌కి కూడా తెలుసు. ఆ రోజు నాకు తెలుసుకోవాలనిపించలేదు.

మిగతాది అతనే చెప్పాడు. ట్రోగర్ ఆఫీసులో మా డ్రాయింగులు చూసి బోడోయే ఫోను చేశాడు. ఎవరు తెచ్చారో కనుక్కుని ఆదివారం చెబుతానన్నాడు. ష్ట్రెబెల్ ఆ మాట మర్నాడే వెళ్లి, అందరికన్నా ముందు కెస్లింగ్ గారికే చెప్పాడు. ఆయన సంతోషిస్తారనుకున్నాడు! గంట తరవాత నేను వెళ్లాను. ఆదివారం రాకముందే ష్ట్రెబెల్ రోడ్డున పడ్డాడు.

“తెచ్చింది ఆయనేనట” అన్నాడు ష్ట్రెబెల్. “స్వయంగా, చంకలో పెట్టుకుని. కంపెనీ ఎలాగూ నిలబడేట్టు లేదు. కొన్నాళ్లకి ట్రోగర్ వాళ్లు కలిపేసుకుంటారు, గోడ మీద ఈయన పేరు ఉంచుతారు, అదీ ఒప్పందం. బావమరిదికి మాత్రం తెలియకూడదు.”

“ఇంతకాలం ఎందుకు ఊరుకున్నారు?”

“బోడో పేరు చెప్పనా? వాడి ఉద్యోగం పీకిస్తారు, వాడికి ముగ్గురు పిల్లలు. చెప్పకుండా అంటే, ఈ కాగితం ఉన్నవాడి మాట ఎవరు నమ్ముతారు? మీరు నమ్మారా?”

“ఇప్పుడు నమ్ముతున్నాను.”

“ఇప్పుడు” అన్నాడు అతను, పార మళ్లీ అందుకుని. “నాకు క్షమాపణ ఏమీ వద్దు ఫ్రౌలైన్ వైడ్‌నర్. ఆ ఒక్క మాట కావాలి. అది లేకుండా నేను చలికాలం దాటలేను.”

వాకిలి దాకా వచ్చి తలుపు తీసి పట్టుకున్నాడు. కోపంలో కూడా మర్యాద వదల్లేదు. దారంతా ఏడ్చాను. ఎదురైన వాళ్లు చూస్తున్నా ఆగలేదు.

ఆగస్టు 18

బావమరిది దగ్గరికి వెళ్లిపోదామా? డ్రాయింగులు వేసింది నేను. దొంగ చెయ్యి నాదే అంటారు. భయంగా ఉంది. పదిహేడేళ్లు చేసిన చోటు. అక్కడి మెట్లు కళ్లు మూసుకుని ఎక్కుతాను.

కెస్లింగ్ గారి మీద కోపం రావడం లేదు, అదే నాకు అసహ్యంగా ఉంది. నాన్న శవపేటికని భుజాన మోసిన వాళ్లలో ఆయన ఒకరు.

ఆగస్టు 23

పొద్దున్నే ఎవరూ రాకముందు ష్ట్రెబెల్ సర్టిఫికెట్టు మళ్లీ టైపు చేశాను. తేదీ అదే, వాక్యాలు అవే. ‘చక్కని పనిమంతులు’ తరవాత ‘ఎల్లప్పుడూ నిజాయితీగా పనిచేశారు’ అని చేర్చాను. సంతకాల ఫైలులో మిగతా వాటి మధ్య దూర్చచ్చు. ఆయన చదవకుండా సంతకాలు పెడతారు. అలా చెయ్యబుద్ధి కాలేదు. విడిగా పట్టుకెళ్లి బల్ల మీద పెట్టాను.

ఆయన చదివారు. “ఇదేమిటి?”

“ఒక మాట పడిపోయింది, చేర్చాను.”

“పడిపోలేదని మీకు తెలుసు.”

“మీకూ తెలుసు హెర్ కెస్లింగ్. ట్రోగర్ కారు స్ప్రింగు వెడల్పు నలభై అయిదు. షాపులో ఉన్నది యాభై నాలుగు. మీరు చదివి నాచేత గీయించిన సెట్టు ఒక్కదాన్లోనే నలభై అయిదు ఉంది. ఆ సెట్టు ప్రెస్సుకి వెళ్లలేదు, కనుక్కున్నాను.”

ఆయన కిటికీ వైపు చూశారు. కింద కంపెనీ పాతికేళ్ల పండక్కి పందిరి వేస్తున్నారు. ఉన్నట్టుండి ముసలివాడైపోయినట్టు కనిపించారు. నాకు జాలి వేసింది, దాన్ని మింగాను.

“గీసింది మీరు” అన్నారు చివరికి. “మీ చెయ్యి, మీ సిరా. మా బావమరిది ముందు ఆ మాట నేనంటే?”

“అనండి. తప్పు కూడా నాదే అని నేను చెబుతాను. ఎవరు చదివితే గీశానో కూడా చెబుతాను. యెకెల్ మేస్త్రి కొలిచి చూపిస్తాడు.”

“మీ నాన్నని నేను...”

“మా నాన్నే చెక్కాడు ఆ బూటుని” అన్నాను. ఈ మాట అంటానని నేననుకోలేదు.

ఆయన కలం తీసి సంతకం పెట్టారు. సిరా ఆరేలా అద్ది, కాగితం నా వైపు తోశారు. చేతిలోకి తీసుకుని ఒకసారి చదువుకున్నాను. ఆ మాట అక్కడే ఉంది. నేను తలుపు దాకా వెళ్లాను.

“ఫ్రౌలైన్ వైడ్‌నర్. ఇక మీరు ఇక్కడ పనిచెయ్యడం కుదరదు.”

“తెలుసండీ.”

“అయితే కూర్చోండి. మీది కూడా ఇప్పుడే అయిపోతుంది.”

టైపు మిషను ముందు కూర్చున్నాను. కొత్త కాగితం ఎక్కించాను. ఆయన మామూలుగా చెబుతూ పోయారు, చరిత్ర పుస్తకం చెప్పినట్టే. “ఫ్రౌలైన్ తెక్లా వైడ్‌నర్ 1909 నుంచి 1926 వరకు మా సంస్థలో డ్రాయింగులు దిద్దే పని చేశారు. ఆమె శ్రద్ధ గలవారు, వేళకు వచ్చేవారు, చక్కటి చేతివ్రాత గలవారు.”

అక్కడ ఆపారు. నేను చేతులు మీటల మీదే ఉంచి ఎదురుచూశాను.

అడగచ్చు. ఒక సంతకం పెట్టించిన దాన్ని ఇంకో మాట పెట్టించలేనా? బావమరిది పేరు ఇంకొక్కసారి ఎత్తితే చాలు. నోటిదాకా వచ్చింది కూడా. కానీ తలుపు చాటున నిలబడి విన్నది ఎవరు? విన్నదానికి తనకి తోచిన అర్థం అంటగట్టుకుని, పరుగెత్తుకెళ్లి చెప్పింది ఎవరు? ఒక్క ‘నువ్వు’ తనకి దక్కలేదన్న కచ్చతో, ఒక మనిషిని పొయ్యి లేని గుడిసెలోకి నెట్టింది ఎవరు? ఈయన దొంగ. ఆ మాట వదిలేసింది దొంగే అయినంత మాత్రాన, అది నాకు తగదన్నది అబద్ధమైపోదు.

“తరవాత?” అన్నారు ఆయనే.

“తరవాత చుక్క” అన్నాను. కొట్టాను.